వ్యాకరణం ముందు పుట్టి, భాష తర్వాత పుడితే?

తద్ధిత ప్రకరణం చదివేటప్పుడు మన క్లాసులో చాలామందికి వచ్చే అనుమానం ఒకటుంది. "మంచి"కి "తనం" చేరితే మంచితనం. "పేద"కు "రికం" చేరితే పేదరికం. మరి "మంచిరికం" ఎందుకు లేదు? "వేట"కు "కాడు" చేరితే వేటకాడు. "చదువు"కు మాత్రం "చదువుకాడు" అనము, చదువరి అంటాము. ఎవరు పెట్టారు ఈ రూల్సు?

ఎవరూ పెట్టలేదన్నదే జవాబు. భాష ముందే ఉంది. దాన్ని చూసి, విని, ఏ మాట ఎలా కట్టుకుందో కనిపెట్టి తర్వాత వాళ్లు రాసిపెట్టారు. పరవస్తు చిన్నయ సూరి గారు మన మద్రాసులోనే ఉండి 1858లో బాలవ్యాకరణం తెచ్చేనాటికి తెలుగుకు కొన్ని వందల ఏళ్ల కావ్యాలున్నాయి. నది ముందు, మ్యాపు తర్వాత.

ఇది తలకిందులైతే? ఒక మనిషి కూర్చొని ముందు వ్యాకరణం రాసుకొని, దానికి సరిపోయే మాటలు తయారుచేసి, "ఇదిగో భాష, మాట్లాడండి" అంటే? అలా జరిగిన సందర్భాలున్నాయి. "బాహుబలి"లో కాలకేయులు మాట్లాడే కిలికి మనందరికీ గుర్తే. దాన్ని తయారుచేసింది తమిళ గేయరచయిత మదన్ కార్కి. అయితే అది సినిమా కోసం పుట్టింది. నేను ఇక్కడ చెప్పబోయేది నిజంగా మనుషులు మాట్లాడుకోవడానికి పుట్టి, నూరేళ్లు దాటినా ఇంకా బతికున్న భాష గురించి. దాని పేరు ఎస్పెరాంతో.

మన వయసు కుర్రాడు

దీన్ని తయారుచేసినాయన లుడ్విక్ జామెన్‌హోఫ్. 1859లో బియాలిస్టాక్ అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. ఆ ఊళ్లో యూదులు, పోలిష్‌వాళ్లు, రష్యన్లు, జర్మన్లు అందరూ ఉండేవాళ్లు, ఎవరి భాష వాళ్లది. వీధిలో తగువులు కూడా ఆ లెక్కనే. జామెన్‌హోఫ్ యూదుల పిల్లవాడు, తండ్రి భాషలు చెప్పే టీచరు. అందరికీ సమానంగా పరాయిదైన భాష ఒకటుంటే ఎవరూ ఎవరికీ తలవంచనక్కరలేదు కదా అని చిన్నప్పుడే అనుకున్నాడు. 1878లో, పందొమ్మిదేళ్లు నిండేటప్పటికి, తన భాష మొదటి రూపాన్ని స్నేహితులకు చూపించాడు. పందొమ్మిదేళ్లంటే మన వయసే! తర్వాత కంటి డాక్టరు చదువు చదివి, భాషను మార్చి మార్చి రాసి, 1887లో వార్సాలో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అచ్చు ఖర్చు కాబోయే మామగారు పెట్టుకున్నారు. పుస్తకం మీద అసలు పేరు వేసుకోలేదు, "డాక్టర్ ఎస్పెరాంతో" అని వేసుకున్నాడు. "ఆశపడేవాడు" అని దాని అర్థం. ఆ పేరే భాషకు నిలిచిపోయింది.

పుస్తకంలో ఉన్నవి 16 సూత్రాలు, సుమారు 900 ధాతువులు. అంతే! 900 ధాతువులతో ఒక భాష ఎలా నడుస్తుంది అన్నదే అసలు సంగతి.

దానికి దారి ఎలా దొరికిందో ఆయనే ఒక ఉత్తరంలో చెప్పాడు. హైస్కూలు రోజుల్లో వీధిలో నడుస్తుంటే రెండు బోర్డులు కనబడ్డాయట. ఒకటి కావలివాడి గది మీద, ఇంకొకటి మిఠాయి కొట్టు మీద. రెండు రష్యన్ మాటలూ "స్కయా" అనే తోకతోనే ముగిశాయి. ఒకే తోక తగిలిస్తే వేర్వేరు మాటల నుంచి వేర్వేరు చోట్ల పేర్లు పుడుతున్నాయని అప్పుడు తట్టింది. అంటే లావుపాటి నిఘంటువును బట్టీ పట్టనక్కరలేదు, తోకలు తెలిస్తే చాలు. మనకు పాఠశాల, గోశాల, వైద్యశాల ఉన్నట్టే అనుకోండి.

చివరి అక్షరం చూస్తే చాలు

ఎస్పెరాంతోలో ఒక మాట నామవాచకమా, విశేషణమా, క్రియా అన్నది చివరి అచ్చు చూసి చెప్పేయవచ్చు. "ఓ" ఉంటే నామవాచకం, "ఆ" ఉంటే విశేషణం, "ఏ" ఉంటే క్రియావిశేషణం, "ఇ" ఉంటే క్రియ మూలరూపం. "బోన్" అనే ధాతువు తీసుకుంటే బోనో అంటే మంచి అనే గుణం, బోనా అంటే మంచి (పుస్తకం, మనిషి), బోనే అంటే మంచిగా. బహువచనానికి చివర "య్" చేర్చాలి. లిబ్రో అంటే పుస్తకం, లిబ్రోయ్ అంటే పుస్తకాలు.

ఇక్కడ మన తెలుగు ఎంత తిప్పలు పెడుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చెట్టు చెట్లు అవుతుంది. కన్ను కళ్లవుతుంది. ఇల్లు ఇళ్లవుతుంది, "లో" చేరేసరికి అదే "ఇంట్లో" అవుతుంది. ఔపవిభక్తికాలని మనం పరీక్షకు బట్టీ పట్టినవి ఇవే. ఎస్పెరాంతోలో ఇల్లు "దోమో", ఇళ్లు "దోమోయ్". ధాతువు ఎక్కడా అరగదు, కరగదు, సంధి అనే మాటే లేదు.

క్రియలు ఇంకా సులువు. జరుగుతున్నదానికి "అస్", జరిగినదానికి "ఇస్", జరగబోయేదానికి "ఒస్", జరిగితే బాగుండు అనేదానికి "ఉస్". "లెర్ని" అంటే నేర్చుకొను. లెర్నస్, లెర్నిస్, లెర్నొస్, లెర్నుస్. నేనైనా, నువ్వైనా, ఆమె అయినా, వాళ్లయినా ఈ రూపం మారదు. మనకేమో నేర్చుకుంటాను, నేర్చుకుంటావు, నేర్చుకుంటాడు, నేర్చుకుంటుంది, నేర్చుకుంటారు.

ధాతువుకు తోకలు

ఇప్పుడు తోకల దగ్గరికి వద్దాం. "ఎయ్" అంటే చోటు, కాబట్టి లెర్నేయో అంటే నేర్చుకునే చోటు, అంటే బడి. "ఇల్" అంటే పనిముట్టు. త్రాంచి అంటే కోయు, త్రాంచీలో అంటే కత్తి. "ఆర్" అంటే గుంపు. ఆర్బో చెట్టు, ఆర్బారో అడవి. వోర్తో మాట, వోర్తారో మాటల గుంపు, అంటే నిఘంటువు. "ఇద్" అంటే పిల్ల, కాబట్టి బోవీదో అంటే దూడ. "ఎత్స్" అంటే మన "తనం". బోనేత్సో అంటే మంచితనం. తేడా ఏమిటంటే ఈ "ఎత్స్" ఏ మాటకైనా చేరుతుంది. మంచిరికమా, మంచితనమా అనే గొడవే రాదు.

ముందు చేరేవాటిలో పేరుపడినది "మల్". ఏ మాట ముందు పెట్టినా సరిగ్గా దాని వ్యతిరేకం వస్తుంది. బోనా మంచి, మల్‌బోనా చెడ్డ. గ్రాందా పెద్ద, మల్‌గ్రాందా చిన్న. మనకు అ, నిర్, దుర్, అప అని ఇన్ని ఉన్నా ఒక్కటీ నమ్మకంగా పనిచేయదు. న్యాయానికి "అ" చేరితే అన్యాయం, సరే. మూల్యానికి "అ" చేరితే అమూల్యం. వెల లేనిది అనుకుంటే వెలకట్టలేనిది అయి కూర్చుంది!

అన్నీ కలిపి ఒక మాట కడదాం. "సాన్" అంటే ఆరోగ్యం. మల్ చేర్చి, "ఉల్" అంటే మనిషి కాబట్టి అదీ చేర్చి, చోటుకు ఎయ్ చేర్చి, చివర ఓ పెడితే మల్‌సానులేయో. ఆరోగ్యం లేని మనుషులుండే చోటు, అంటే ఆసుపత్రి. మొదటిసారి చదివినప్పుడు పెద్ద గొలుసులా కనిపించింది. తర్వాత ఆలోచిస్తే మనం రోజూ "చేయించుకోలేకపోయాను" అంటుంటాం, ఇందులో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టుకోండి. చెయ్యి, ఇంచు, కొను, లేక, పోవు, దాని మీద కాలం, దాని మీద "ను". పూసలు గుచ్చినట్టు మాట కట్టడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లకంటే మనకు ఈ పద్ధతి తొందరగా అర్థమవుతుందని నాకనిపించింది.

ప్రేరణార్థకం చూడండి. తిను తినిపించు అవుతుంది. కాలు కాల్చు అవుతుంది. దిగు దించు అవుతుంది. చచ్చుకు మాత్రం చంపు! ఎస్పెరాంతోలో అన్నిటికీ "ఇగ్" ఒక్కటే. మాంజి తిను, మాంజిగి తినిపించు. బ్రూలి కాలు, బ్రులిగి కాల్చు. మోర్తి చచ్చు, మోర్తిగి చంపు. దీనికి జతగా "ఇజ్" ఉంది, అది తనంతట తాను అవ్వడానికి. సీది అంటే కూర్చొని ఉండు, సిదిజి అంటే కూర్చొను, సిదిగి అంటే కూర్చోబెట్టు.

ఇంకో విశేషం. మన "తనం", "రికం" ఒంటరిగా నిలబడలేవు. ఎస్పెరాంతో తోకలు నిలబడతాయి. "ఇలో" అంటే పనిముట్టు, "ఉలో" అంటే మనిషి, "ఎయో" అంటే చోటు. తోక కూడా ఒక మాటే అన్నమాట.

ఎప్పుడు, ఎప్పుడూ, ఎప్పుడో

నాకు అన్నిటికంటే నచ్చింది ప్రశ్నపదాల పట్టిక. "కి" ప్రశ్నకు, "తి" అదీ అని చూపించడానికి, "చి" అన్నీ అనడానికి, "ఇ" ఏదో ఒకటి అనడానికి, "నెని" ఏదీ కాదనడానికి. వీటికి కాలం, చోటు, కారణం లాంటి తొమ్మిది తోకలు చేరి 45 మాటలు వస్తాయి. కాలానికి కియమ్ (ఎప్పుడు), తియమ్ (అప్పుడు), చియమ్ (ఎప్పుడూ), ఇయమ్ (ఎప్పుడో), నెనియమ్ (ఎప్పటికీ కాదు).

ఇది చదవగానే ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. మన తెలుగులో ఈ పట్టిక ఏనాటినుంచో ఉంది! ఎప్పుడు, అప్పుడు, ఇప్పుడు. ఎక్కడ, అక్కడ, ఇక్కడ. ఎంత, అంత, ఇంత. చివర దీర్ఘం తీస్తే ఎప్పుడూ, "ఓ" చేరిస్తే ఎప్పుడో. అరవంలోనూ ఇదే వరస, ఎప్పో, అప్పో, ఇప్పో. జామెన్‌హోఫ్ కూర్చొని కట్టిన పట్టికను మన అవ్వలు ఏ పుస్తకమూ చూడకుండానే వాడుతున్నారు. పైగా ఒకచోట మనదే ఇంకా సరిగ్గా ఉంది. "ఇప్పుడు" అనే మాట ఆయన పట్టికలో లేదు, దానికి "నున్" అని విడిగా ఒక మాట పెట్టాడు. మన "ఇప్పుడు" మాత్రం పట్టికలోనే బుద్ధిగా కూర్చొని ఉంది.

కర్మకు చేరే "న్" కూడా మనకు చుట్టమే. కుక్క పిల్లిని కరిచింది అన్నా, పిల్లిని కుక్క కరిచింది అన్నా మనకు అర్థం మారదు, ఎందుకంటే "ని" ఉంది. ఎస్పెరాంతోలో పిల్లి "కాతో", పిల్లిని "కాతోన్". ఆ "న్" ఉన్నంతవరకు మాటలు ముందూ వెనకా అయినా కరిచిందెవరో తెలుస్తుంది.

అందరికీ సమానమేనా?

ఇంత పొగిడాక ఇంకోవైపు కూడా చెప్పాలి. అందరికీ సమానంగా పరాయి భాష అన్నాడు కదా, నిజంగా అందరికీనా? ధాతువులు ఎక్కువభాగం లాటిన్, ఫ్రెంచి, జర్మన్ లాంటి యూరప్ భాషలవి. విశేషణానికి కూడా బహువచనం రావాలి. మనం మంచి పుస్తకం, మంచి పుస్తకాలు అంటే సరిపోతుంది, వాళ్లు "మంచిలు పుస్తకాలు" అన్నట్టు బోనాయ్ లిబ్రోయ్ అనాలి. "ఇంట్లో" అనడానికి "లో" ముందు, ఇల్లు తర్వాత. మనకున్న మేము, మనము అనే తేడా అక్కడ లేదు, రెండిటికీ "ని" ఒక్కటే. "మేము పెళ్లికి వెళ్తున్నాం" అంటే నువ్వు రావట్లేదని, "మనం వెళ్తున్నాం" అంటే నిన్నూ పిలుస్తున్నామని. ఇంత ముఖ్యమైన సంగతి ఆ "ని"లో ఎలా దాస్తారో!

మన కాలేజీలో కూర్చొని చదివితే అన్నిటికంటే ముందు కంట్లో పడేది ఇంకొకటి. నాన్న "పాత్రో". అమ్మకు విడిగా ధాతువు లేదు. స్త్రీ అని చెప్పే "ఇన్" చేర్చి "పాత్రీనో" అనాలి. అంటే ఆడ నాన్న! ఫ్రాతో సోదరుడు, ఫ్రాతీనో సోదరి. అత్తగారు "బోపాత్రీనో", ఆమె పేరులోనూ నాన్నే ఉన్నాడు. ఇది మా అవ్వకు చెబితే, "అమ్మ లేకుండా నాన్న యాడనుంచి వచ్చినాడంట?" అని అడిగింది. ఆ ప్రశ్నకు 16 సూత్రాల్లో జవాబు లేదు.

మన బంధువుల పేర్లు పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. అమ్మ, నాన్న, అక్క, అన్న ఎవరి మాట వాళ్లది, ఒకరి నుంచి ఒకరిని పుట్టించలేదు. అక్కకూ చెల్లెలికీ వేరే మాటలు, మేనత్తకూ చిన్నమ్మకూ వేరే మాటలు. ఎస్పెరాంతోలో అక్క, చెల్లెలు ఇద్దరూ ఫ్రాతీనోలే. అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరూ "ఆవీనో"లే. ఇది మాత్రం మా ఇంటికి సరిపోయింది, మేమూ ఇద్దరినీ "అవ్వ" అనే పిలుస్తాం.

అయితే మనం మరీ గొప్పలు చెప్పుకోవడానికి లేదు. స్నేహితుడికి "రాలు" చేరితేనే స్నేహితురాలు, అధ్యాపకుడి నుంచే అధ్యాపకురాలు. ఆడపిల్లలే చదివే కాలేజీలో కూడా నోటీసులో "విద్యార్థులకు" అని రాయాలా, "విద్యార్థినులకు" అని రాయాలా అని ఒక్క క్షణం ఆగుతాం. ఇక క్రియల సంగతి. అక్క వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బాలవ్యాకరణం మహత్తు, అమహత్తు అని విడదీసినప్పుడు ఏకవచనంలో మన క్రియ ఆవు పక్కనే చేరింది. అరవంలో వందాన్, వందాళ్, వందదు అని మూడూ విడివిడిగా ఉన్నాయి. మా నాన్నది అరవం. "మీ తెలుగులో అమ్మాయికీ ఆవుకీ ఒకటే వచ్చిందా?" అని అమ్మను ఆటపట్టిస్తుంటారు. అమ్మ ఊరుకోదు. "నలుగురు కలిస్తే చూడండి. అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి" అంటుంది. నిజమే, బహువచనంలో ఆడవాళ్లు మనుషుల వైపుకు వచ్చేస్తారు.

ఈ విషయంలో ఎస్పెరాంతో క్రియ మనకంటే నయం. అతను వచ్చినా, ఆమె వచ్చినా "వెనిస్". అంటే ఒకే భాష క్రియలో సమానంగా ఉండి, నామవాచకంలో లేకుండా పోయింది. రాసినాయన చెడ్డవాడని కాదు. 1887లో ఆయన చుట్టూ ఉన్న లోకం అలా ఉంది, అది ధాతువుల్లోకి వచ్చి కూర్చుంది. కాగితం మీద కొత్తగా రాసినంత మాత్రాన భాష పాత అలవాట్లను వదిలించుకోలేదు.

మరి మార్చుకోవచ్చు కదా అంటే, 1905లో ఆధారగ్రంథం ఒకటి అచ్చయింది, పునాదిని ఎవరూ కదిలించకూడదని ఒప్పుకున్నారు. ఎవరికి వాళ్లు దిద్దుకుంటూ పోతే భాష ముక్కలవుతుందని భయం. అందుకే మార్పు సూత్రాల్లో కంటే వాడుకలో వస్తోంది. టీచరు అనే "ఇన్‌స్త్రుయిస్తో"కు ఒకప్పుడు ఆడవాళ్లయితే "ఇన్" చేర్చేవాళ్లు, ఇప్పుడు చాలామంది ఇద్దరికీ అదే మాట వాడుతున్నారు. మగవాళ్లకూ ఒక తోక ఉండాలని "ఇచ్" అనేదాన్ని కొందరు వాడుతున్నారు, అందరూ ఒప్పుకోలేదు. వ్యాకరణం ముందు పుట్టిన భాష కూడా చివరికి మన భాషలాగే మాట్లాడేవాళ్ల నోట్లో మారుతోంది.

రాజ్యం లేని భాష

ఈ భాషకు ఏ దేశమూ లేదు, సైన్యం లేదు. అయినా భయపడినవాళ్లున్నారు. హిట్లర్ తన పుస్తకంలో దీన్ని తిట్టాడు. స్టాలిన్ కాలంలో దీన్ని మాట్లాడేవాళ్లను జైళ్లలో పెట్టారు, చంపారు. జామెన్‌హోఫ్ 1917లోనే పోయాడు. ఆయన ముగ్గురు పిల్లలనూ తర్వాత నాజీలు పొట్టనపెట్టుకున్నారు. చిన్న కూతురు లిదియా దేశాలు తిరిగి ఈ భాష నేర్పిన మనిషి, 1942లో ట్రెబ్లింకా శిబిరంలో ఆమెను చంపారు. అయినా భాష పోలేదు, ఎందుకంటే అది ఇళ్లల్లోకి చేరింది. భాష పంచుకొని పెళ్లి చేసుకున్నవాళ్ల పిల్లలు దాన్ని పుట్టుకతోనే మాట్లాడతారు. వాళ్లకు "దెనాస్కులో" అని పేరు. విడదీస్తే దె (నుంచి), నాస్క్ (పుట్టు), ఉల్ (మనిషి), ఓ.

ఇక్కడ తెలుగు మాట్లాడే మనకు ఇది కొత్తగా అనిపించదు. మనది కూడా ఈ రాష్ట్రంలో ఆఫీసు భాష కాదు, బస్సు బోర్డు భాష కాదు. తరతరాలుగా ఇంట్లోనే నిలిచింది. వంటింట్లో మాట్లాడేవాళ్లు ఉన్నంతకాలమే ఉంటుంది.

ఆ ఇళ్లల్లో పిల్లలు అమ్మను "పాత్రీనో" అని పిలవరు. ఎస్పెరాంతోలో ముద్దుగా పిలవడానికి రెండు తోకలున్నాయి, ఆడవాళ్లకు "న్య్", మగవాళ్లకు "చ్య్". ధాతువును కుదించి వీటిని తగిలిస్తారు. నాన్న "పాచ్యో", అమ్మ "పాన్యో". ఆ "ఇన్" ఎక్కడికో పోయింది. పెద్ద వ్యాకరణంలో కాకపోయినా ముద్దుపేర్లలోనైనా ఇద్దరూ సమానంగా నిలబడ్డారు.

మీకో లెక్క

"కుయిరి" అంటే వండు. పైన చెప్పిన తోకలతో కుయిరేయో, కుయిరీలో అంటే ఏమిటో చెప్పండి. ఇంకోటి కొంచెం కష్టం. "విద్" అంటే చూపు ఉన్న ధాతువు, "ఎబ్ల్" అంటే వీలైనది. మల్‌విదెబ్లా అని ఎవరైనా అంటే దానికి తెలుగులో ఏ మాట వస్తుంది? ఈ కాగితం కింద ఖాళీ జాగా వదిలాను, పెన్సిలుతో రాసి పేరు పెట్టండి. మన తెలుగులోనే పుట్టాల్సింది, ఇంకా పుట్టని మాట ఏదైనా తడితే అదీ రాయండి. "చదువుకాడు" లేదన్నాం కదా, "చదువుకత్తె" ఉంటే తప్పేమిటి?